పేరు పొడవైన ఫోల్డర్

జూలై ముప్ఫయ్యో తారీఖు మధ్యాహ్నం పన్నెండు గంటల నుంచి పల్నాడు ప్రజలకు సమస్యలు ఉండవని విన్నపాల శాఖ మంత్రి చింతలచెరువు జానకిరామయ్య గారు గురజాలలో ప్రకటించారు. సమస్యలు తీరుస్తామన్న నాయకులను ఈ ప్రాంతం చాలామందిని చూసింది. ఎన్ని గంటలకు తీరుస్తారో చెప్పినవారు మాత్రం ఈయనొక్కరే.

మంత్రి గారి లెక్క సూటిగా ఉంది. ప్రజలకు సమస్యలున్నాయని ప్రభుత్వానికి ఎట్లా తెలుస్తోంది? అర్జీల వల్ల. ఆ అర్జీలు ఎక్కడున్నాయి? గురజాల విన్నపాల కేంద్రంలో, ఒక కంప్యూటర్‌లో, ఒకే ఒక్క ఫోల్డర్‌లో. మొత్తం నాలుగు వేల మూడు వందల పన్నెండు. ఆ ఫోల్డర్ తీసేస్తే అర్జీలుండవు. అర్జీలు లేనప్పుడు సమస్యలున్నాయనడానికి ఆధారం ఉండదు. ఏడాదిగా అధికారులెవరికీ తట్టని ఈ మార్గం మంత్రి గారికి వినుకొండ నుంచి వస్తూ దారిలో టీ తాగుతుండగా తట్టిందని, గ్లాసు కింద పెట్టేలోపే నిర్ణయం జరిగిపోయిందని ఆయన ముఖ్య అనుచరుడు కోటిబాబు గద్గద స్వరంతో సభకు వివరించాడు.

ముప్ఫయ్యో తారీఖున మైదానంలో బహిరంగ సభ. వేదిక మీద కంప్యూటర్. మంత్రి గారు స్వహస్తాలతో డిలీట్ నొక్కుతారు. వెనక పెద్ద సున్నా. ఆ సున్నా ఫ్లెక్సీ ప్రింటుకు ఆ సాయంత్రమే వెళ్లింది. ఇరవై అడుగుల ఎత్తు, చుట్టూ బంతిపూల బొమ్మలు, పైన ‘పెండింగ్ అర్జీలు’ అన్న అక్షరాలు.

చప్పట్లు కొట్టినవారిలో, ఆఖరి వరసలో, ఫ్రాన్సిస్ కూడా ఉన్నాడు. విన్నపాల కేంద్రంలో సీనియర్ అసిస్టెంటు. ముప్ఫయ్యేళ్ల సర్వీసులో పైవాళ్ల ముందు తనంతట తాను నోరు విప్పిన మనిషి కాదు. ఆ నాలుగు వేల మూడు వందల పన్నెండు అర్జీలనూ ఒక్కొక్కటిగా స్కాన్ చేసింది ఆయనే. చప్పట్లు కొట్టేటప్పుడు అరచేతులు ఒకదానికొకటి సరిగ్గా తగల్లేదని ఆయనకే అనిపించింది గానీ, పక్కవాళ్లెవరూ గమనించలేదు.

మర్నాడు ఆఫీసు తెరిచేసరికి మెట్ల మీద నాగవేణి కూర్చుని ఉంది. పక్కన ఆమె కూతురు యశస్విని. నాగవేణి, ఆమె భర్త గంగయ్య మాచర్ల దగ్గర నాపరాళ్ల క్వారీలో పని చేస్తారు. కూలి మానుకుని మొదటి బస్సుకు వచ్చిందామె.

“ఫ్రాన్సిస్ అన్నా, మా పిల్ల టీసీ మీ కాడుంది. అది ఇప్పియ్యాల,” అంది.

విషయం చిన్నదే. కిందటేడు పదో తరగతి అయ్యాక యశస్వినికి హాస్టల్ సీటు కావాలని అర్జీ పెట్టుకున్నారు. జిరాక్సు కంటే ఒరిజినల్‌కే బరువెక్కువ ఉంటుందని ఆ రోజు అర్జీలు తీసుకునే బల్ల దగ్గర కోటిబాబు చెప్పడంతో ఒరిజినల్ టీసీనే జతచేశారు. బరువు సరిపోలేదు, సీటు రాలేదు. పిల్లకు ఏడాది పోయింది. ఆ ఏడాదంతా తల్లితో క్వారీకి వెళ్తూనే చదువుకుని, ఈసారి ఎంట్రన్సు రాసి, నరసరావుపేటలో పాలిటెక్నిక్ సీటు తెచ్చుకుంది. టీసీ లేనిదే చేర్చుకోమన్నారు. చదివిన ప్రైవేటు బడి మూతపడింది. అక్కడిప్పుడు బిర్యానీ హోటలు నడుస్తోంది, వాళ్లు టీసీలివ్వరు. ఒరిజినల్ తీసుకున్న ఆఫీసే కాపీ మీద ముద్ర వేసి ఇస్తే ఒప్పుకుంటామని కాలేజీలో ఎవరో దయగల మనిషి చెప్పాడట. ఆఖరి తేదీ ముప్ఫై, సాయంత్రం ఐదు గంటలు.

“ఏం బ్రాంచి వచ్చిందమ్మా?” అని అడిగాడు ఫ్రాన్సిస్.

“కంప్యూటర్స్ సార్,” అంది యశస్విని.

ఒరిజినల్ కాగితం సంగతి వాళ్లకు ఎట్లా చెప్పాలో ఆయనకు తెలియలేదు. డిసెంబరులో మంత్రి గారు కాగితరహిత పాలన ప్రారంభించారు. అందుకోసం కాగితాలు ముక్కలు చేసే యంత్రం వచ్చింది. ప్రారంభోత్సవం రోజున యంత్రంలో వేయడానికి చేతికందిన కాగితాలు కావాలి. అర్జీలే అందాయి. మంత్రి గారు మొదటి కట్ట వేశారు. మిగతావి, యంత్రం బాగా పనిచేస్తుండడంతో, అందరూ సరదాపడి తలా ఒక కట్ట వేశారు.

“స్కాన్ ఉంటదిలే. ప్రింటు తీసిస్తా, కూర్చోండి,” అన్నాడు ఫ్రాన్సిస్. ఫ్యాను వాళ్ల వైపు తిప్పాడు. అదృష్టం, కరెంటుంది.

ఫోల్డర్ తెరిచాడు. లోపల నాగవేణి వాళ్ల ఊరి పేరున్న ఫోల్డర్ నొక్కాడు. అది తెరుచుకోలేదు. తెర మీద ఒక పెట్టె వచ్చి, పేరు మరీ పొడవుగా ఉందని, తగ్గించి మళ్లీ ప్రయత్నించమని ఇంగ్లీషులో మర్యాదగా చెప్పింది. మూడుసార్లు నొక్కాడు. మూడుసార్లూ అదే మర్యాద.

ఈ పొడవు వెనక చరిత్ర ఉంది. ఫ్రాన్సిస్ పాత పద్ధతిలో పెరిగిన గుమాస్తా. ఫైలుకు పేరంటే విషయం పూర్తిగా రాయడమే ఆయనకు తెలుసు. ‘మాచర్ల మండల నివాసి శ్రీమతి నాగవేణి, భర్త గంగయ్య, తన కుమార్తె యశస్వినికి బాలికల వసతి గృహములో సీటు ఇప్పించవలసినదిగా కోరుచూ సమర్పించుకొనిన అర్జీ’ అన్నది ఆ ఫైలు పేరు. అన్నిటికీ అంతే. అయినా ఇబ్బంది లేదు. వాటన్నిటినీ మోసే పెద్ద ఫోల్డర్ పేరు అప్పట్లో ‘అర్జీలు’. మూడే అక్షరాలు.

కిందటి నవంబరులో మంత్రి గారి పుట్టినరోజొచ్చింది. రక్తదానాలు, పండ్ల పంపిణీ అందరూ చేస్తారు. కోటిబాబు మాత్రం ఏకంగా ఫోల్డర్‌నే కానుకగా ఇచ్చాడు. దాని పేరు మార్చి, ఫ్లెక్సీ మీద ఉన్నవన్నీ చూసి స్వయంగా టైపు చేశాడు. ‘పల్నాటి పెన్నిధి మిర్చి రైతుల మహారాజు కుడి కాలువ భగీరథుడు క్వారీ కార్మికుల నడిచే దైవం అక్కచెల్లెమ్మల కొంగుబంగారం యువత గుండెచప్పుడు గౌరవ డాక్టర్ శ్రీ చింతలచెరువు జానకిరామయ్య గారి విన్నపాలు’. కంప్యూటర్ కిక్కురుమనకుండా తీసుకుంది. అప్పటి నుంచి లోపలి అర్జీలేవీ తెరుచుకోవడం లేదు. ఆ సంగతి ఎనిమిది నెలలుగా ఎవరికీ తెలియలేదు. తెలియాలంటే ఎవరైనా ఒక అర్జీ తెరవాలి గదా.

సగం మాటలు తగ్గిస్తే తెరుచుకుంటుందని ఫ్రాన్సిస్‌కు అర్థమైంది. పేరు మార్చే మీట మీద వేలు పెట్టాడు. సరిగ్గా అప్పుడే ప్రత్యేకాధికారి హిమజ లోపలికొచ్చింది. ఆమె వెనక కోటిబాబు. రిహార్సల్‌కు వచ్చారు.

హిమజ కుర్చీలో కూర్చుని ఫోల్డర్ మీద డిలీట్ నొక్కింది. పోలేదు. అదే పెట్టె వచ్చి అదే మాట చెప్పింది. తెరిచి ఉన్నవన్నీ మూసి నొక్కింది. పోలేదు. కంప్యూటర్ ఆపి, వేసి నొక్కింది. పోలేదు.

“ఏందన్నా ఇది?” అన్నాడు కోటిబాబు, తప్పు ఫ్రాన్సిస్‌దైనట్టు.

ఫ్రాన్సిస్ చెప్పాడు. పేరు పొడవెక్కువై కంప్యూటర్ అంతదాకా చేరుకోలేకపోతోందని, సగానికి తగ్గిస్తే తెరుచుకుంటుందని, తీసేయనూ వచ్చని.

హిమజ చదువుకున్న మనిషి, ఐదు నిమిషాల పని అని ఆమెకు తెలుసు. అయినా కోటిబాబు వైపు తిరిగింది.

“ఏ సగం మేడం?” అన్నాడు కోటిబాబు.

ఏ సగమో తేలేదాకా ఫోల్డర్ ముట్టుకోవద్దన్నారు. ఫ్యాను కింద ఎదురుచూస్తున్న తల్లీకూతుళ్లను మళ్లీ రమ్మని పంపేశారు. టీసీ కాపీ ముద్ర వేసి ముప్ఫైలోపు చేతికిస్తానని, హిమజ వింటుండగానే, ఫ్రాన్సిస్ మాటిచ్చాడు. అన్నాక, అట్లా ఎందుకన్నానా అని ఆయనే ఆశ్చర్యపోయాడు.

గుంటూరు నుంచి సాయి కిరణ్ అనే నిపుణుణ్ణి పిలిపించారు. అతను నాలుగు గంటలు కష్టపడ్డాడు. సేఫ్ మోడ్‌లో పెట్టాడు. యాంటీ వైరస్ నడిపించాడు. నల్ల తెర తెరిచి తెల్ల అక్షరాలతో కంప్యూటర్‌తో నేరుగా మాట్లాడాడు. ఆ పాత కంప్యూటర్‌కు ఆ భాష కూడా ఎక్కలేదు. మొండి ఫోల్డర్లను తీసే ఒక ప్రోగ్రాము ఎక్కించాడు. అది కూడా ఫోల్డర్ పేరు చదవడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయింది. వాస్తు దోషమేమోనని కోటిబాబు బల్లను ఈశాన్యానికి జరిపించాడు. ఆఖరికి సాయి కిరణ్ చెమట తుడుచుకుని, పేరు తగ్గించడమొక్కటే మార్గమని ఫ్రాన్సిస్ చెప్పిన మాటే చెప్పాడు. అతను గుంటూరు నుంచి వచ్చినవాడు కావడంతో ఈసారి అందరూ విన్నారు.

బిరుదుల తగ్గింపుపై సమావేశం ఇరవయ్యో తారీఖున జరిగింది. ఇక్కడొక చిక్కుంది. ఒక్కో బిరుదూ ఒక్కో సంఘం ఇచ్చింది. మహారాజు బిరుదు మిర్చి వ్యాపారులది. భగీరథుడు కాలువ కాంట్రాక్టర్లది. నడిచే దైవం క్వారీ యజమానులది. కార్మికుల తరఫున వాళ్లే ఇచ్చారు, కార్మికులకు తీరిక లేకపోవడంతో. అన్ని సంఘాల పెద్దలూ వచ్చారు. ప్రజల కోసం ఏ త్యాగానికైనా సిద్ధమని అందరూ ముక్తకంఠంతో అన్నారు. మహారాజును తీసేయమని కాలువ వాళ్లన్నారు. కాలువలో నీళ్లే లేనప్పుడు భగీరథుడెందుకని మిర్చి వాళ్లన్నారు. నడిచే దైవాన్ని ఒట్టి దైవం చేస్తే ఒక మాట తగ్గుతుంది గదా అని హిమజ సౌమ్యంగా సూచించింది.

“అంటే సార్ నడవలేడనా మేడం?” అని క్వారీ పెద్దమనిషి అడిగాడు.

మూడు గంటల చర్చ తర్వాత సమావేశం ఏకగ్రీవంగా ముగిసింది. ఒక్క బిరుదు కూడా తగ్గించకూడదు. పైగా, ఇంత మంచి సమావేశానికి గుర్తుగా ‘సత్తెనపల్లి సంచలనం’, ‘అనాథ రక్షకుడు’ అనే రెండు బిరుదులు కలపాలి. కోటిబాబు అక్కడికక్కడే ‘శ్రీ’కి ముందు టైపు చేయడం మొదలుపెట్టాడు. మొదటిది పట్టింది. రెండోదానికి జాగా చాలక ‘అనాథ’ దగ్గర అక్షరాలు ఆగిపోయాయి. మీటలెంత గట్టిగా నొక్కినా ముందుకు పోలేదు. రాసింది చెరిపితే బిరుదు తగ్గించినట్టవుతుందని అలాగే ఉంచారు. ఆ రోజు నుంచి ఫోల్డర్ చివర ‘అనాథ శ్రీ చింతలచెరువు జానకిరామయ్య గారి విన్నపాలు’ అని ఉంది.

ఎవరైనా దొంగతనంగా బిరుదు కత్తిరిస్తారేమోనని కోటిబాబు ఇద్దరు కార్యకర్తలను కంప్యూటర్‌కు అటొకరు ఇటొకరు కాపలా పెట్టాడు. మానిటర్‌కు దండ వేశారు. ఫ్రాన్సిస్ మౌస్ మీద చెయ్యి వేస్తే ఇద్దరూ ముందుకు వంగుతారు. వాళ్లు భోజనానికి కూడా వంతులవారీగా వెళ్లేవారు. మనుషులు మంచివాళ్లే, ఆయన తెచ్చుకున్న ఆవకాయలో వాళ్లకూ ఇంత పెట్టేవాడు. తిని, చెయ్యి కడుక్కుని, మళ్లీ వంగేవారు.

నాగవేణి ఇరవై మూడున ఒకసారి, ఇరవై ఏడున ఒకసారి వచ్చింది. రెండోసారి దండ వేసిన కంప్యూటర్‌ను చూసింది.

“పోయిందా అన్నా?” అంది.

“పోలేదమ్మా, బాగానే ఉంది,” అన్నాడు ఫ్రాన్సిస్. “తెరవడమే కుదరట్లా.”

ఆ రాత్రి ఆయన అన్నం ముందు కూర్చుని లెక్కవేసుకున్నాడు. పేరు తగ్గించకపోతే ఫోల్డర్ ఉంటుంది, పిల్ల కాగితం రాదు. పేరు తగ్గిస్తే కాగితం వస్తుంది, కానీ మరుక్షణమే ఫోల్డర్ పోతుంది. తగ్గించడానికీ తీసేయడానికీ మధ్య రెండు నిమిషాలు దొరికితే చాలు. ఆ రెండు నిమిషాలు ఎవరిని అడగాలో ఆయనకు తెలుసు. ఎట్లా అడగాలో తెలియదు.

ముప్ఫై రానే వచ్చింది. మైదానం నిండింది. ఎడ్లపాడు నుంచి కూడా బస్సుల్లో తెచ్చారు. సమస్యలు పోతుంటే చూడాలన్న ఆసక్తి జనానికి సహజం, బిర్యానీ పొట్లాలున్నాయని కూడా చెప్పారు. వేదిక మీద దండతో సహా కంప్యూటర్. దాని తెర మీద కనిపించేదంతా పెద్ద ఎల్‌ఈడీ తెర మీద కనిపిస్తోంది. పక్కన ప్రింటరును హిమజ తెప్పించింది. ఎందుకని కోటిబాబు అడిగితే, కంప్యూటర్ పక్కన ప్రింటరుంటే నిండుగా ఉంటుందంది. వెనక ఇరవై అడుగుల సున్నాను తెల్ల గుడ్డతో కప్పి ఉంచారు. వేదిక మెట్ల దగ్గర నాగవేణి, యశస్విని నిలబడ్డారు. నరసరావుపేట బస్సు రెండింటికి.

మంత్రి గారు పన్నెండింటికి సరిగ్గా డిలీట్ నొక్కారు. ఎల్‌ఈడీ మీద పెట్టె వచ్చింది.

“ఏమ్మా, ఏమంటంది?” అన్నారు మంత్రి గారు.

ఈ ఒక్క ప్రశ్న కోసం పదిహేను రోజులుగా నిద్రపోని హిమజ లేచి నిలబడింది. “తమరి పేరు చాలా పెద్దదంటోంది సార్. అంత పెద్ద పేరును తీసేయడం తన వల్ల కాదంటోంది.”

మంత్రి గారు పెట్టెను మరోసారి చూశారు. ముఖంలో వెలుగొచ్చింది. ప్రతిపక్షం తన గురించి ఎన్నో అన్నది. ఒక యంత్రం ఇట్లా అనడం ఇదే మొదటిసారి. ఫోటోగ్రాఫర్లను పిలిచి పెట్టె పక్కన నిలబడ్డారు. ఫోటోలయ్యాక సున్నా సంగతి గుర్తొచ్చింది.

“తగ్గిస్తే పోద్దా?”

“పోతుంది సార్.”

మొదటి వరసలో సంఘాల పెద్దలంతా కుర్చీల అంచులకు జరిగారు. కోటిబాబు కళ్లు మూసుకున్నాడు. మంత్రి గారు మైకు అందుకున్నారు. అటువంటి ప్రసంగం గురజాల విని ఎరగదు. చరిత్రలో రాజ్యాలు వదిలినవారున్నారని, తాను రాజ్యాన్ని మాత్రం అట్టిపెట్టుకుని మిగతావన్నీ ప్రజల కోసం వదులుతున్నానని, ఈ క్షణం నుంచి తాను ఒట్టి జానకిరామయ్యనని ప్రకటించారు. ఇరవై నిమిషాలు మాట్లాడారు. చివర్లో కుడి కంటి నుంచి ఒక చుక్క రాలింది. దాన్ని ఎల్‌ఈడీ మీద మూడుసార్లు చూపించారు.

పేరు తగ్గించడానికి ఫ్రాన్సిస్‌ను పిలిచారు. ఆయన ఒక్కో బిరుదూ చెరుపుతుంటే ఆయా సంఘం పెద్ద లేచి నిలబడి చేతులు కట్టుకున్నాడు. మహారాజు పోయాడు, భగీరథుడు పోయాడు, గుండెచప్పుడు ఆగింది. ఆఖరికి తెర మీద ఒక్క మాట మిగిలింది. జానకిరామయ్య.

కార్యక్రమం ప్రకారం ఫ్రాన్సిస్ ఇప్పుడు లేచి పక్కకు తప్పుకోవాలి. ఆయన లేవలేదు. మౌస్ మీద చెయ్యి తియ్యలేదు.

“సార్,” అన్నాడు.

మైకు దగ్గరగా ఉండడం వల్ల ఆ మాట మైదానమంతా వినిపించింది. మంత్రి గారు వంగి చూశారు.

“తీసేసే ముందు మచ్చుకొకటి పరిష్కరించి చూపిస్తే జనానికి నమ్మకం కుదురుద్ది సార్.”

మంత్రి గారు ఆయన్ను ఎగాదిగా చూశారు. ఇంతకు ముందు ఎప్పుడూ చూసిన గుర్తు లేదు. “ఎంతసేపు పడతది?”

“రెండు నిమిషాలు సార్.”

“కానియ్.”

ఊరి ఫోల్డర్ తెరుచుకుంది. తన చేత్తో పెట్టుకున్న ఆ పొడవాటి పేరు దగ్గర ఫ్రాన్సిస్ వేలు ఒక్క క్షణం ఆగింది. నొక్కాడు. తెరుచుకుంది. హాస్టల్ అర్జీ వెనక పేజీలో టీసీ, నీలి అక్షరాలతో, హెడ్మాస్టరు సంతకంతో ఉంది. ప్రింటరు కాసేపు మూలిగి కాగితాన్ని బయటపెట్టింది. మంత్రి గారు అదేమిటో చూడకుండానే అడ్డంగా పెద్ద సంతకం చేశారు. హిమజ చేతిసంచిలోంచి ఆఫీసు ముద్ర తీసి, సంతకం పడని మూల చూసి, జాగ్రత్తగా వేసింది. ముద్రను ఆమె పొద్దున్నే సంచిలో పెట్టుకొచ్చింది.

యశస్విని వేదికెక్కి కాగితం అందుకుంది. మంత్రి గారు ఆ పిల్ల తల నిమిరి, హాస్టల్లో అన్నం బాగుంటోందా అని ఆప్యాయంగా అడిగారు. ఆ పిల్ల తల్లి వైపు చూసింది. “బస్సు పోద్ది సార్,” అని దిగిపోయింది. జనం ఆ రోజు నిజంగా కొట్టిన చప్పట్లు అప్పటివే.

ఆ తర్వాత మంత్రి గారు డిలీట్ నొక్కారు. ఈసారి పొడవు గొడవ రాలేదు. వేరే పెట్టె వచ్చింది. జానకిరామయ్యను నిజంగా తీసేయమంటారా అని అడిగి, అవును, కాదు అని రెండు మీటలు చూపించింది. ఎల్‌ఈడీ మీద ఆ అక్షరాలు ఒక్కొక్కటి రెండడుగులున్నాయి. మైదానం చడీచప్పుడు లేకుండా చదువుకుంది. వెనక నుంచి ఎవరో దగ్గారు.

మంత్రి గారి వేలు వెనక్కొచ్చింది. “ఒరేయ్ కోటీ, ఇదేందిరా?”

కోటిబాబు పరుగున వచ్చి చూసి, ఇది మంచి శకునం కాదన్నాడు. వేరే పేరేదైనా పెట్టి తీసేయాలి. పాత పేరు అర్జీలనే పెడదామని హిమజ అంది. అర్జీలు లేవని చెప్పే సభలో ఆ మాటే రాకూడదని కోటిబాబు అన్నాడు. ప్రతిపక్ష నాయకుడి పేరు పెడదామని ఒకరన్నారు. అప్పుడు ఇన్ని అర్జీలూ ఆయనకొచ్చినట్టవుతుందని మంత్రి గారు ఒప్పుకోలేదు. కోటిబాబు అని పెడదామన్నారు ఇంకొకరు. కోటిబాబుకు అప్పుడే ఎవరో ఫోన్ చేసినట్టున్నారు, చెవికి పెట్టుకుని వేదిక దిగిపోయాడు. మొదటి వరస పెద్దలంతా చెప్పులు వెతుక్కుంటున్నారు. చెరిపేస్తే ఏమీ అనుకోని పేరు ఎవరిదన్నది నిజంగా కష్టమైన ప్రశ్న.

మంత్రి గారు మైదానం వైపు చూశారు. చాలాసేపు చూశారు. నాయకుడనేవాడికి పరిష్కారం ఎక్కడ దొరుకుతుందో అక్కడే దొరికింది.

“ప్రజలు అని పెట్టు. వాళ్లేమీ అనుకోరు,” అన్నారు.

ఫ్రాన్సిస్ ‘ప్రజలు’ అని కొట్టాడు. మంత్రి గారు నొక్కారు. కంప్యూటర్ మళ్లీ అడిగింది. అవును అన్నారు. ఒక్క క్షణంలో పోయింది. తెల్ల గుడ్డ జారింది, సున్నా బయటపడింది. ప్రజలు చప్పట్లు కొట్టారు. పన్నెండు గంటలకన్న కార్యక్రమం ఒంటిగంటకు పూర్తి కావడం ఆ శాఖలో ఒక రికార్డు.

సాయంత్రం ఆరింటికి ఫ్రాన్సిస్ కంప్యూటర్‌ను ఆఫీసుకు తెచ్చి, దండ తీసి, బల్లను పాత చోటికి జరుపుకున్నాడు. కాపలా లేదు, కాయాల్సిన బిరుదులు లేవు. అప్పుడే ఫోనొచ్చింది, ఎవరిదో అరువు ఫోను.

“ఐదుకు పది నిమిషాలుండగా చేరినం అన్నా. తీసుకున్నారు,” అంది నాగవేణి. వెనక బస్టాండు గోల వినిపిస్తోంది. “పిల్ల జిలేబీ అడిగింది. ఇయ్యాల కొనిపెట్టినా.”

ఆయన ఫోను పెట్టేశాడు. తలుపు దగ్గర అలికిడైంది. కోటిబాబు. తెల్లచొక్కా నలిగిపోయి ఉంది. లోపలికొచ్చి, అటూ ఇటూ చూసి, తలుపు దగ్గరకు వేశాడు. కార్యక్రమం బాగా జరిగిందన్నాడు. టీవీల్లో వచ్చిందన్నాడు. సెల్‌ఫోన్ తిప్పుతూ నిలబడ్డాడు. పోతాడనుకుంటే పోలేదు.

“అన్నా, ఒక మాట.”

“చెప్పు.”

“మా అమ్మ రాములమ్మ కళ్ల ఆపరేషన్‌కని కిందటేడు అర్జీ ఇచ్చింది. నాకు చెప్పలా. నీ కొడుకు సార్ ఎనకాలే తిరుగుతాడు, నీకు అర్జీ ఎందుకని ఎవరన్నా నవ్వుతారని, నా పేరు చెప్పకుండా లైన్లో నిలబడి ఇచ్చిందంట. డాక్టరు రిపోర్టు ఒరిజినల్ కూడా అందులోనే పెట్టిందంట. ఇయ్యాల టీవీలో చూసి చెప్పింది.” సెల్‌ఫోన్ తిప్పడం ఆపాడు. “అంతా పోయినట్టేనా అన్నా?”

ఫ్రాన్సిస్ అతని ముఖంలోకి చూశాడు. పక్కనున్న స్టూలు కాలితో ముందుకు జరిపాడు. కోటిబాబు కూర్చున్నాడు.

తెర మీద ఒక మూల చెత్తబుట్ట బొమ్మ ఉంది. డిలీట్ చేసిందేదైనా ముందు అందులోకి వెళ్తుందని, దాన్ని వేరేగా ఖాళీ చేస్తే తప్ప అక్కడే ఉంటుందని ఆ పూట వేదిక మీద ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. బుట్ట తెరిచాడు. అందులో ఉన్నది ఒక్కటే. ప్రజలు. దాని మీద మౌస్ పెట్టి, వెనక్కి తెచ్చే మీట నొక్కాడు. పేరు చిన్నది కావడం వల్ల వెంటనే వచ్చేసింది.

“రిపోర్టు ప్రింటు తీస్తా. అర్జీ ఇచ్చిన ఊరి పేరు చెప్పు,” అన్నాడు.

కిటికీలోంచి మైదానం కనిపిస్తోంది. సభ సామాను ఎత్తేస్తున్నారు. బస్సులు పోయాయి, కుర్చీలు పోయాయి. పెండింగ్ అర్జీల సున్నా మాత్రం గాలికి ఊగుతూ అలాగే ఉంది. తీరిన ఒక్కటీ పోగా నాలుగు వేల మూడు వందల పదకొండు అర్జీలు తిరిగొచ్చినా దానిలో మార్పేమీ లేదు, అది ఫ్లెక్సీ గదా.